చింతపండు గొలుసులో సగం

సోమవారం

పొద్దున్నే లేచి కిటికీల అంచులకు సోడా పూశాను. ఒక్కరోజు మానేస్తే చాలు, బయటి మబ్బు రబ్బరుని నమిలి పారేస్తుంది. శుక్రగ్రహం మీద తేలే ఊళ్ళో కాపురమంటే ఇంతే. బయటంతా యాసిడ్ మబ్బులు, లోపలంతా మనుషుల గోల.

నా పేరు వకుళ. మబ్బులపాలెం బడిలో ఏడో తరగతికి సైన్సు చెబుతాను. టీచర్లంతా రోజువారీ చిట్టా రాయాలని మా హెడ్మాస్టరు కోదండపాణి గారి హుకుం. రాసింది ఆయన ఏనాడూ చదవరు. కాబట్టి ఇందులో నాకు తోచింది రాస్తాను.

ఇవాళ డీఎన్ఏ పాఠం మొదలుపెట్టాను. పుస్తకమేమో భూమ్మీద పిల్లల కోసం అచ్చు వేసింది. "డీఎన్ఏ మెలితిరిగిన నిచ్చెనలా ఉంటుంది" అని చదివానో లేదో, మొదటి బెంచీలోంచి మేదిని చెయ్యెత్తింది. ఈ పిల్ల చెయ్యెత్తిందంటే నాకు గుండె దడ.

"నిచ్చెనంటే ఏంటి టీచర్?"

"పైకి ఎక్కడానికి వాడేది."

"పైకెళ్ళడానికి గాలిగొట్టం ఉంది కదా?"

"గొట్టం లేనివాళ్ళు వాడేవారమ్మా."

"అయ్యో పాపం" అంది తరగతి తరగతంతా. భూమ్మీద మనుషుల మీద జాలి మొదలైపోయింది. పాఠం సంగతి ఎవరికీ పట్టలేదు.

సరే, జడ అనుకోండర్రా అన్నాను. రెండు పాయలు ఒకదానికొకటి మెలిక వేసుకుని ఉంటాయని బోర్డు మీద గీశాను. జడకి మూడు పాయలుంటాయి కదా, రెండు పాయలతో జడ వేస్తే ఊడిపోదా అని మళ్ళీ మేదినే. ఆ పిల్ల జడ చూస్తే మూడు పాయలే. ఏం చెప్పను నా మొహం?

పాయ పొడుగునా చక్కెర, ఫాస్ఫేటు ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయని చెప్పాను. చక్కెర అనగానే వెనక బెంచీలో కునుకు తీస్తున్న తులసీరామ్ లేచి కూర్చున్నాడు.

"మన ఒంటినిండా చక్కెరే ఉందా టీచర్? మరి మా అమ్మ నన్ను డబ్బా ముట్టుకోనివ్వదేంటి?"

అందరికీ సున్నా వేసి ఇంటికి పోదామనిపించింది. అలా కాదు. రేపు విత్తనాల గది నుంచి అసలు గొలుసే తెచ్చి వీళ్ళ ముక్కు ముందు పెడతాను.

మంగళవారం

విత్తనాల గది నాంచారమ్మత్త చేతుల్లో ఉంటుంది. నాకే కాదు, ఊరందరికీ ఆవిడ అత్తే. ఒకప్పుడు సూర్యుడు బుసకొట్టి ఊళ్ళో కంప్యూటర్లన్నీ మాడిపోయాక, మొక్కల రుచుల రాతలను మా పెద్దవాళ్ళు రంగురంగుల పూసలతో గొలుసులుగా గుచ్చి దాచారు. మొక్కని మొలిపించడం గంగాళానికి వచ్చు. గంగాళమంటే మా ఊరి పంట యంత్రం. రుచి మాత్రం ప్రతి విత్తుకీ మనమే గుర్తుచేయాలి. దాని కన్ను ముందు గొలుసు లాగితే రంగులు చదువుకుని ఆ రుచి మొక్కకి పట్టిస్తుంది. గొలుసు చూపించకుండా చింతచెట్టు మొలిపిస్తే కాయ నమిలినా ఒకటే, తలుపుచెక్క నమిలినా ఒకటే.

చింతపండు పులుపు గొలుసు ఒక్కటే ఉంది. రెండోది గుచ్చించాలని పంచాయతీలో ప్రతి ఏడూ తీర్మానం చేస్తాం, టీ తాగి ఎవరింటికి వాళ్ళు పోతాం.

"ఇదిగో వకుళా, చెట్టు ఎండిపోయింది. ఉన్నది ఒకే ఒక్క గింజ. నానేసేశాను" అంది నాంచారమ్మత్త, గొలుసు నా చేతిలో పెడుతూనే మళ్ళీ వెనక్కి లాక్కుంటూ. "శనారం దాటితే కుళ్ళిపోద్ది. శుక్రారం సాయంత్రానికల్లా ఇది నా చేతిలో ఉండాల. పోగొట్టావో, ఊరి చారంతా నీ నెత్తిన పోస్తా."

"పాఠం చెప్పి తెచ్చేస్తానత్తా."

"చారు లేకుండా బతికే మనుషులు కాదు వీళ్ళు. నన్ను బతకనీరు, నిన్నూ బతకనీరు."

గొలుసు చూడగానే పిల్లలు బెంచీలెక్కేశారు. రెండు దారాలు, వాటి మధ్య ఎదురెదురుగా పూసల జతలు, మొత్తం కలిసి మెలిక తిరిగి ఉంటుంది. ఎర్రపూస ఎ. దానికెదురు ఎప్పుడూ పసుపుపూసే, అది టి. పచ్చపూస జి, దానికెదురు నీలం, అది సి. ఎరుపూ పచ్చా పెద్దపూసలు, వాటికి కొక్కేలుంటాయి. పసుపూ నీలం చిన్నవి, వాటికి కన్నాలు. ఎరుపుకి రెండు కొక్కేలు, పచ్చకి మూడు. కాబట్టి ఎరుపుని తీసుకెళ్ళి నీలానికి తగిలిద్దామన్నా కుదరదు.

"పెద్దపూసకి ఎదురు పెద్దపూస పెడితే?" అంది మేదిని.

"మధ్యలో ఇరుకైపోతుంది. రెండూ చిన్నవైతే అందుకోలేవు. అందుకే ఎప్పుడూ ఒక పెద్దా ఒక చిన్నా."

"ఇరుకు బల్ల మీద మా అమ్మా నేనూ కూర్చున్నట్టు" అన్నాడు తులసీరామ్. ఆశ్చర్యం, వాడు చెప్పింది సరిపోయింది. ఆ సంతోషంలో దగ్గరకి పిలిచి గొలుసు చేతికిచ్చానా, వెధవ దారం నాకి చూశాడు. చక్కెర లేదట, ఉప్పగా ఉందట.

ఎన్నాళ్ళకో ఒక పాఠం బాగా కుదిరింది. బడి వదిలేసరికి తల పగిలిపోతోంది. గొలుసుని బోర్డు పక్కన మేకుకి తగిలించి ఇంటికొచ్చి పడుకున్నాను. శుక్రవారం దాకా టైముందిగా.

బుధవారం

నా కొంప మునిగింది.

మా ఊళ్ళో బడి హాలే పెళ్ళి హాలు. భూమ్మీద శుక్ర మౌఢ్యం వస్తే నెలల తరబడి పెళ్ళిళ్ళు ఆగిపోయేవట. మా శాస్త్రి గారేమో శుక్రుడి మీదే కూర్చున్నవాళ్ళకి శుక్ర మౌఢ్యమేమిటని కొట్టిపారేశారు. ఇక ఏడాది పొడుగునా పెళ్ళిళ్ళే, నా సైన్సు పీరియడ్లన్నీ వాటికే బలి.

ఇవాళ కోదండపాణి గారమ్మాయి సుముఖి పెళ్ళి. మూడేళ్ళ కిందట నా తరగతిలోంచి వెళ్ళిన పిల్లే అనిపిస్తుంది, లెక్కేస్తే చాలా ఏళ్ళయింది. పెళ్ళికొడుకుది ఆవిరిపేట. ఆ ఊరు రాత్రి గాలికి కొట్టుకొచ్చి మా ఊరి పక్కన ఆగింది. తాళ్ళేసి రెండు ఊళ్ళనీ కట్టారు. సాయంత్రం గాలి మళ్ళితే తాళ్ళు విప్పేయాల్సిందే. మళ్ళీ ఎదురుపడేది ఎప్పుడో ఆ గాలికే తెలియాలి.

"అక్కడ చింతపండు మొహం ఎరగరంట" అని సుముఖి వాళ్ళమ్మ అక్షింతలు కలుపుతూ ఏడుస్తోంది. "చారులో నిమ్మఉప్పు చల్లుకుంటారంట. నా బిడ్డ ఏం తింటాదో."

నేను ముందు వరసలో కూర్చుని వడపప్పు నములుతూ పెళ్ళికూతురి జడ చూశాను. జడ పొడుగునా ఎరుపూ పసుపూ పచ్చా నీలం. ఎంత బాగుందో అనుకున్నాను. ఇంకో గుప్పెడు వడపప్పు నోట్లో వేసుకున్నాను. అప్పుడు మింగుడు పడలేదు.

జడ వేసినావిడ పొద్దున హాల్లోకి వచ్చి, మేకుకి వేలాడుతున్న గొలుసు చూసి, హెడ్మాస్టరు గారే పెట్టించారనుకుని పెళ్ళికూతురికి చుట్టేసింది.

అప్పటికీ పరవాలేదు, అప్పగింతలయ్యాక అడిగి తీసుకోవచ్చు. కానీ మా మబ్బుల్లో ఒక ఆచారం ఉంది, గొలుసు పంపకం. ఊళ్ళు విడిపోయి ఎటో కొట్టుకుపోతాయి కదా, అందుకని అప్పగింతల్లో పెళ్ళికూతురి ఒంటిమీది రెండు పేటల నగ ఒకటి తీసి, ఇద్దరు వియ్యపురాళ్ళూ చెరో పేట పట్టుకుని నిలువునా రెండు చేస్తారు. సగం పుట్టింట్లో ఉంటుంది, సగం అత్తింటికి పోతుంది.

వియ్యపురాళ్ళు జడలోంచి గొలుసు తీశారు.

"ఆగండి, ఆగండి, అది చింతపండు!" అని కేకేశాను. నోట్లో వడపప్పు ఉంది. సన్నాయి మోగుతోంది. లేచి పరిగెత్తబోయి లడ్డూల పళ్ళెంలో కాలేశాను.

జుయ్యిమని కొక్కేలన్నీ ఊడి గొలుసు నిలువునా రెండు పాయలైపోయింది.

నేను లడ్డూల్లోంచి లేచేసరికి ఆవిరిపేటవాళ్ళు తాళ్ళు విప్పేస్తున్నారు. రేవు అంచు దాకా పరిగెత్తి, చేతులూపుతూ, ఏడుస్తూ అరిచాను. అద్దాల అవతల పెళ్ళివాళ్ళంతా నన్ను చూసి కళ్ళు తుడుచుకుని చేతులూపారు. "టీచరమ్మకి పిల్లంటే ఎంత ప్రేమో చూడండి" అని నా పక్కన ఎవరో అన్నారు. ఆవిరిపేట మబ్బులోకి వెళ్ళిపోయింది.

రేడియో గదికి పరిగెత్తాను. మధ్యలో మెరుపుల మబ్బు అడ్డొచ్చి గరగరమంటోంది. అది ఎప్పుడు తొలగుతుందో చెప్పలేమన్నారు.

గురువారం

నాంచారమ్మత్తకి చెప్పేశాను. ముందు నమ్మలేదు. తర్వాత కూర్చుంది. తర్వాత చీపురు కోసం వెతికింది.

కోదండపాణి గారు పుట్టింటి వాటా సగాన్ని పూజగది నుంచి తెచ్చి, పెద్దమనిషి తరహాలో గొంతు సవరించుకున్నారు. "సగం ఉంది కదమ్మా. సగం పులుపొస్తుంది. రెండింతలు వేసుకుంటే సరి."

"మీ అమ్మాయిని నిలువునా సగం పంపించారా బాబూ?" అంది నాంచారమ్మత్త.

చూపించనైతే చూపించాం. గంగాళం ఒంటిపాయని ఒక్క చూపు చూసి కన్ను మూసుకుంది. రెండు పాయలూ జతగా ఉంటేనే నమ్ముతుంది అది, తప్పు చదవకూడదని పెద్దవాళ్ళు అలా చేశారు. ఇంకో సలహా ఉందన్నారు హెడ్మాస్టరు. బయట మబ్బు నిండా పులుపే కదా, కాస్త వడగట్టి చారులో పోసుకుంటే ఎలా ఉంటుందని. ఆయన్ని బయటికి పంపించి తలుపేశాం.

గింజ గిన్నెలో నానుతోంది. పొట్టు అప్పుడే చిట్లింది. దాన్ని చూస్తే నాకు ఏడుపాగలేదు. ఊరంతా తినే చారు, నా ఒక్కదాని బద్ధకం వల్ల పోతోంది. ఈ పిల్లల పిల్లలకి చింతపండు అని ఒకటుండేదని కథలా చెప్పాల్సొస్తుంది.

మధ్యాహ్నం తరగతికి వెళ్ళాను గానీ పాఠం మీదకి మనసు పోలేదు. పిల్లలు ఊరుకుంటారా, బెంచీలు పీకేస్తున్నారు. నోళ్ళు మూయించడానికి నాకు తెలిసింది ఒకటే విద్య. పరీక్ష అన్నాను. బోర్డు మీద రాయడం మొదలుపెట్టాను: "ఒక పాయలో పూసల వరస ఇలా ఉంది. ఎరుపు, ఎరుపు, పచ్చ, పసుపు, నీలం. దీనికి ఎదురు పాయ రాయుము."

రాయుము దగ్గర చాక్‌పీసు ఆగిపోయింది.

బోర్డు వైపు తిరిగి అలాగే నిలబడిపోయాను. ఎరుపుకెదురు పసుపే. పసుపుకెదురు ఎరుపే. ఇంకోటి వచ్చే దారే లేదు. సగం దగ్గరుంటే రెండో సగం పోవడమేమిటి? పదేళ్ళుగా ఇదే పాఠం చెబుతూ, పొద్దుటి నుంచి ఇదే సగాన్ని కళ్ళముందు పెట్టుకుని ఏడుస్తున్నాను!

"టీచర్‌కి ఏదో అయింది" అన్నాడు తులసీరామ్.

శుక్రవారం

పూసల డబ్బాలు తెప్పించాను. తరగతి మొత్తానికి గొలుసులో తలా ఒక ముక్క పంచాను. ఎదురు పాయ గుచ్చండి, ఇదే పరీక్ష అన్నాను. ఎందుకో చెప్పలేదు. చెబితే వీళ్ళు కంగారుపడి తప్పు గుచ్చుతారని భయం.

పని సగంలో ఉండగా పసుపుపూసలు అయిపోయాయి. ఊళ్ళో ఇంకెక్కడా లేవు. నాంచారమ్మత్త ఇంటికి పరిగెత్తి సగ్గుబియ్యం తెచ్చింది. పసుపునీళ్ళలో ముంచి, ఆరబెట్టి, సూదితో ఒక్కోదానికి రెండేసి కన్నాలు పొడిచాం. గంగాళానికి కావాల్సింది రంగూ జతా, పూస దేనితో చేశారన్నది దానికి అనవసరం. తులసీరామ్‌ని మాత్రం సగ్గుబియ్యానికి దూరంగా కూర్చోబెట్టాను.

అన్ని ముక్కలూ వరసగా పేర్చి కొక్కేలు తగిలిస్తూ వచ్చాం. టిక్కుటిక్కుమని ఒక్కో జతా పడుతుంటే ప్రాణం లేచొచ్చింది. మేదినిదైతే ఒక్క పూస తేడా లేదు. దాని పక్క ముక్క దగ్గరికొచ్చాం. ఒక కొక్కెం పట్టింది. తర్వాతది పట్టలేదు. ఆ తర్వాత ఒక్కటీ పట్టలేదు.

ఆ ముక్క తులసీరామ్‌ది.

"నేను మేదినిది చూసి గుచ్చలేదు టీచర్" అన్నాడు, ఎవరూ అడగకముందే.

చూశాను. మేదిని గుచ్చినదే, పూస పొల్లు పోకుండా. అయిదో తరగతి నుంచి ఈ పద్ధతిలోనే పాసవుతున్నాడు.

"ఒరేయ్, మేదిని ముక్క వేరు, నీ ముక్క వేరురా! తన ముక్కకి ఎదురొచ్చేది నీ ముక్కకి ఎలా వస్తుంది?"

"అందరికీ ఒకటే పరీక్ష అనుకున్నా."

నాంచారమ్మత్త ఇక పట్టలేక అసలు సంగతి బయటపెట్టేసింది. ఈ ముక్క కుదరకపోతే జన్మలో చారు ఉండదు నాయనా అంది. వాడి మొహం పాలిపోయింది.

"నేను గుచ్చేస్తా టీచర్" అంది మేదిని.

ఆ మాటకి ఒప్పుకుంటే ఎంత హాయి! కానీ వాడు నా వైపు చూశాడు. పరీక్ష పేపరిచ్చేటప్పుడు ఎన్నోసార్లు నా కళ్ళు తప్పించుకున్నవాడు, మొదటిసారి సూటిగా చూశాడు.

"నేనే గుచ్చుతా. పెద్దదానికి ఎదురు చిన్నది కదా. మా అమ్మా, నేనూ."

వాడి పక్కన కూర్చున్నాను. చెయ్యి పెట్టలేదు. పెట్టకుండా ఉండటానికి రెండు చేతుల మీదా కూర్చోవాల్సొచ్చింది. ఎరుపు తీసి దానికెదురు పసుపు వెతుక్కుని, పచ్చ తీసి నీలం వెతుక్కుని, నాలుక బయటపెట్టి గుచ్చాడు. ఒకచోట నీలానికి ఎరుపు పెట్టబోయి, కొక్కేలు లెక్కపెట్టుకుని, తనే తీసేశాడు.

టిక్. టిక్. టిక్. చివరి దాకా పట్టింది.

పిల్లల అరుపులకి హెడ్మాస్టరు గారు ప్రమాదం గంట కొట్టించారు. వాడిని ముద్దు పెట్టుకోబోతే బెంచీ కిందకి దూరాడు.

శనివారం

గొలుసు గంగాళం కన్ను ముందు లాగాం. మొదటి సగ్గుబియ్యపు గింజ దగ్గర అది కాసేపు ఆగింది. తర్వాత కదిలి చివరిదాకా చదివి పచ్చదీపం వెలిగించింది. గింజ వేశాం.

"దీపం వెలిగితే ఏమైంది?" అంది నాంచారమ్మత్త. "నా నాలిక చెప్పాల."

నెల తర్వాత, ఒక సోమవారం

గంగాళం పుణ్యమా అని నెలకే చెట్టు కాసింది. మొదటి కాయ నాంచారమ్మత్త ఒలిచి నోట్లో పెట్టుకుంది. ఊరంతా ఆవిడ మొహమే చూస్తోంది. ముందు ఏమీ లేదు. తర్వాత ఎడమకన్ను మూసుకుపోయింది. తర్వాత కుడిది. భుజాలు పైకి లేచాయి, చెంపలు లోపలికి పోయాయి.

"అబ్బా" అంది. ఏడ్చింది. ఇంకోటి ఒలుచుకుంది.

మధ్యాహ్నం బడి హాల్లోనే చారు కాచాం. తులసీరామ్ అయిదు గ్లాసులు తాగాడు, ప్రతి గ్లాసుకీ నా ముక్క నా ముక్క అంటూ. అప్పుడు రేడియో గది నుంచి కబురొచ్చింది, మబ్బు తొలగింది, ఆవిరిపేట నుంచి సుముఖి మాట్లాడుతోందని. అందరం గ్లాసులతోనే పరిగెత్తాం.

"టీచర్, ఆ గొలుసు నగ కాదు కదా?" అంది సుముఖి. "ఇక్కడికొచ్చాక విప్పి చూస్తే పెద్దపూసకి ఎదురు చిన్నపూస లేదు. మీరు చెప్పారు కదా, ఒక్క పాయ ఉంటే రెండోది మనమే రాసుకోవచ్చని. మా ఆయనా నేనూ కూర్చుని గుచ్చాం."

నాకు తట్టడానికి ఒక రోజు పట్టింది. ఈ పిల్లకి చూడగానే తట్టింది. గర్వపడాలో సిగ్గుపడాలో తెలియక రెండూ పడ్డాను.

"ఏ మొక్కదో తెలీలేదు టీచర్. వీళ్ళ గంగాళంలో దోస విత్తు వేస్తుంటే దానికి చూపించాను. పుల్ల దోసకాయలు కాశాయి. పప్పులో వేసి నోట్లో పెట్టుకోగానే మనింటి చారు గుర్తొచ్చి ఏడ్చేశాను. ఈ ఊళ్ళో ఆ పులుపు ఎవరికీ తెలీదు. మా అత్తగారు మొదటి ముద్దకి కన్ను మూసుకున్నారు, రెండో ముద్దకి గిన్నె తన వైపు లాక్కున్నారు."

అంటే పోయిందని నేను ఏడ్చిన గొలుసు ఇప్పుడు రెండు ఊళ్ళలో రెండు గొలుసులు. కోదండపాణి గారి భార్య మైకు దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. నాకూ ఆగలేదు, పిల్లలందరి ముందూ బావురుమన్నాను.

అవతల ఎవరో మైకు లాక్కున్న చప్పుడైంది.

"ఏవమ్మా, టీచరమ్మవి నువ్వేనా?" సుముఖి అత్తగారి గొంతు. "మా చిన్నోడికి కూడా మీ ఊళ్ళోనే పిల్లని చూడండి. ఈసారి జడలో గోంగూర పెట్టించండి."

నన్ను పక్కకి నెట్టేసి నాంచారమ్మత్త మైకు అందుకుంది. "ఊరికే ఇచ్చేస్తామేంటి? మీ దగ్గరేముంది?"

"మామిడి ఉంది."

గదిలో చారు జుర్రే చప్పుడు ఆగిపోయింది. మామిడికాయని మా ఊళ్ళో బొమ్మలో తప్ప చూసినవాళ్ళు లేరు. మాకేమీ ఇవ్వకుండా మా సుముఖిని తీసుకుపోయినవాళ్ళు ఇన్నాళ్ళూ మామిడి దాచుకుని కూర్చున్నారు. నాంచారమ్మత్త మైకుని ఇంకా దగ్గరికి లాక్కుంది.

"అట్టయితే మీ పిల్లాడికీ జడేసి తీసుకురండి" అంది.